ప్లేటుకు మూడు రూపాయలు

ఆ ఉదయం బ్రాడీపేటలో తన టిఫిన్ కొట్టు తెరుస్తూనే లిడియా ఇడ్లీ ప్లేటు ధర ఇరవై నుంచి పాతికకు పెంచాలని నిర్ణయించుకుంది. బ్యాంకువాళ్లు పెట్టిన మూడు రోజుల క్లాసుకు వెళ్లొచ్చి మినప్పప్పు, గ్యాసు, చట్నీ, చివరికి తన కూలీ కూడా లెక్కగట్టింది. ప్లేటుకు ఇరవై మూడు పడుతోంది. ఏడేళ్లుగా కొట్టు ముందు జనమూ తగ్గలేదు, ఇంట్లో అప్పూ తగ్గలేదు. ఎందుకో ఇప్పుడు తెలిసింది.

"ఏవండీ, రేపటి నుంచి ఇరవైకి ఇడ్లీ ఉండదని బోర్డు మీద రాయండి," అని భర్తకు చెప్పి పొయ్యి దగ్గరికి వెళ్లింది.

ఆమె భర్త ప్రభు మొహమాటస్తుడు. ధర మాట రాయడానికి చెయ్యి రాలేదు. 'రేపటి నుంచి ఇడ్లీ ఉండదు' అని రాసి ఊరుకున్నాడు.

కోచింగ్ సెంటర్ల పిల్లలు అది చదివారు. ఎనిమిదింటికల్లా కొట్టు మూసేస్తున్నారన్న వార్త మూడు వీధులు దాటింది. ఆఖరిసారి తిందామని జనం ఎగబడ్డారు. పిండి అయిపోయింది. బేరం చూసి పొంగిపోయిన ప్రభు పక్కవీధికి పరిగెత్తి, ఎక్కువ ధరకు పిండి కొనుక్కొచ్చాడు. ప్లేటుకు మూడు రూపాయల నష్టం కాస్తా అయిదయింది.

"దేవుడా, ఈ రోజే ఇంతమంది రావాలా!" అనుకుంది లిడియా.

ఇంతలో కొట్టు గది అద్దెకిచ్చిన వెంకటరావమ్మ వచ్చింది. "ఏం లిడియా, ఖాళీ చేస్తున్నట్టు నాకో మాట చెప్పక్కర్లేదా?"

"ఖాళీ చేయడమేంటండీ!" అంటూ లిడియా బయటికొచ్చి బోర్డు చూసింది. "ఏవండీ, ఇందులో ఇరవై ఏదీ?"

"రేటు మాటెత్తితే రారేమోనని..." నసిగాడు ప్రభు.

అప్పుడే ఎదురు టిఫిన్ కొట్టు అష్రఫ్ రోడ్డు దాటి వచ్చాడు. సంతోషం పట్టలేక వస్తున్నాడనుకుంది లిడియా. తీరా చూస్తే అతని మొహంలో నెత్తురుచుక్క లేదు.

"అక్కా, నువ్వు మాత్రం మూయకు. ఈ జనమంతా నా మీద పడితే నేను బతకను!"

"బేరం పెరిగితే ఏడుపేంటి అష్రఫ్?"

"ఏమోనక్కా. ఎక్కువ అమ్మిన నెలే నాకు అప్పు ఎక్కువవుతోంది. నువ్వు ఇరవైకి ఇస్తున్నావని నేనూ ఇరవైకే ఇస్తున్నా."

"నేను పెంచితే అందరూ నీ దగ్గరికి పోతారనే కదా ఇన్నాళ్లూ పెంచంది!"

 లిడియా సుద్దముక్క అందుకుంది.

మర్నాటి నుంచి రెండు కొట్లలోనూ పాతికే. పిల్లలు గొణిగారు, తిన్నారు, చట్నీ మళ్లీ అడిగారు. రోజుకు పది ప్లేట్లు తగ్గాయి. నెలాఖరున మాత్రం గ్యాసు బండ డబ్బులు ఎవరి దగ్గరా చెయ్యి చాపకుండా కట్టింది లిడియా. సొంత డబ్బుతో కట్టడం ఇదే మొదలు. ఆ రసీదును ప్రభు రెండుసార్లు చదువుకున్నాడు.

ఆ సాయంత్రం అష్రఫ్ కొత్త నోటు పుస్తకంతో వచ్చాడు. "నాకూ లెక్క నేర్పక్కా. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టను?"

"పుస్తకం ఎంతకి కొన్నావు?"

"నలభై."

"అయితే ముందు అది ఖర్చు కింద రాయి."

అష్రఫ్ వ్యాపార లెక్కలు అలా నష్టంతోనే మొదలయ్యాయి.