గురువారం పూట బీదరికం

సుందర్‌రాజ్‌కి ఆలోచన వచ్చిందంటే చాలు, జ్ఞానవతి గుండె జారిపోతుంది. పెళ్లయిన పందొమ్మిదేళ్లలో అతనికి వచ్చినవి మూడే ఆలోచనలు. మొదటిది బాతుల పెంపకం. రెండోది పారిపోయిన బాతుల్ని పట్టుకోవడానికి కొన్న వల. మూడోదాని గురించి ఆ ఇంట్లో మాట్లాడుకోరు.

నాలుగోది బుధవారం సాయంత్రం టీ తాగుతుండగా వచ్చింది.

దానికి ముందు కాస్త ఇంటి సంగతి చెప్పుకోవాలి. సముద్రం మధ్య ద్వీపంలో, ప్రోతరాపూర్ బస్టాపు వెనకాల రెండు గదులూ, వంటిల్లూ, వరండా ఉన్న ఇల్లు వాళ్లది. బ్యాంకు లోను మీద కట్టుకున్నారు. సుందర్‌రాజ్ ఒక ప్రైవేటు ఓడలో, అడుగున ఇంజను గదిలో పని చేస్తాడు. ఆ ఓడ మరమ్మతుకని చెన్నై వెళ్లి పదకొండు నెలలైంది. "రెండు నెలల్లో వచ్చేస్తుంది" అని కంపెనీ మొదటి రోజు చెప్పింది. సగం జీతం ఇస్తూ ఇప్పటికీ అదే మాట చెబుతోంది.

సగం జీతంతో పూర్తి కిస్తీ ఎవరు కట్టగలరు? మూడు నెలలు ఆగిపోయాయి. ఇంకొకటి ఆగితే ఇల్లు స్వాధీనం చేసుకునే పని మొదలుపెడతామని నోటీసు వచ్చింది. అది చదివి సుందర్‌రాజ్ రెండు రోజులు అన్నం తినలేదు. జ్ఞానవతి మాత్రం తిని, చెయ్యి కడుక్కుని, బ్యాంకుకి వెళ్లి, గడువు పెంచి కిస్తీ తగ్గించమని అర్జీ పెట్టింది.

అర్జీ మీద అతని సంతకం కూడా కావాల్సి వచ్చింది. ఆమె కాగితాలు తెచ్చేసరికి టీవీలో క్రికెట్ ఆఖరి ఓవరు నడుస్తోంది. సుందర్‌రాజ్ తెర మీంచి కళ్లు తిప్పకుండా ఆమె చూపించిన చోటల్లా సంతకం పెట్టాడు. ఒకటి దిండు గలీబు మీద కూడా పడింది.

బుధవారం నాడు బ్యాంకు నుంచి ఫోనొచ్చింది. రేపు పన్నెండింటికి ఇల్లు చూడ్డానికి ఆఫీసరు వస్తుందట.

"జ్ఞానం, రేపు మనం బీదవాళ్లం అయిపోవాలి," అన్నాడు సుందర్‌రాజ్ గ్లాసు కింద పెట్టి.

"రేపటిదాకా ఎందుకండీ, ఇప్పుడేం తక్కువైంది?"

"అరె, చూడ్డానికి బీదగా ఉండాలంటున్నాను. ఫ్రిజ్జూ, టీవీ, సోఫా కనబడితే ఆఫీసరేమంటుంది? ఇత్నా సామాన్ హై, ఇంత సామానుండి కిస్తీ కట్టడానికేం రోగం అంటుంది."

"ఉన్నదున్నట్టు చెబుదాం."

"ఉన్నదున్నట్టు చెబితే ఎవరు నమ్ముతారు?"

"మీరు చెబితే నమ్మరు. నేను చెబుతాను, మీరు పక్కన నించోండి."

"నీకు ఆఫీసుల సంగతి తెలీదు."

"మీకు తెలిసిన ఆఫీసు ఓడ అడుగున ఉంటుంది. అక్కడికి ఆఫీసర్లు రారు."

సుందర్‌రాజ్ గ్లాసెత్తి టీ తాగేశాడు. అది అప్పటికే అయిపోయింది కాబట్టి ఖాళీ గ్లాసే తాగాడు.

"చూడండి," అంది జ్ఞానవతి. "రేపు పొద్దున్నే సిప్పీఘాట్‌లో పెళ్లివాళ్లకి జాకెట్లు ఇచ్చి పన్నెండుకల్లా వచ్చేస్తాను. ఇంట్లో సామాను ఎక్కడిదక్కడే ఉండాలి. ముఖ్యంగా నా కుట్టుమిషన్ మీద మీ చెయ్యి పడ్డానికి వీల్లేదు. ఠీక్ హై?"

"ఠీక్ హై," అన్నాడు సుందర్‌రాజ్. ఠీక్ హై అనడంలో అతన్ని మించినవాడు ఈ ద్వీపాల్లో లేడు.

మర్నాడు తొమ్మిది గంటల బస్సులో జ్ఞానవతి అటు వెళ్లగానే ఇటు సుందర్‌రాజ్ పక్కింటి గోవిందుని పిలిచాడు. గోవిందు జెట్టీలో బస్తాలు మోసి రిటైరైన మనిషి. తాతల నాడే శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. బరువు కనబడితే చేతులు ఊరుకోవు. ఇద్దరూ కలిసి సోఫా ఎత్తారు, టీవీ ఎత్తారు, చేపల కూరతో సహా ఫ్రిజ్జు ఎత్తారు, అన్నీ గోవిందు వాళ్లింట్లో దింపారు.

"సర్దడమంటే ఇటుది అటు పెడతారు గానీ, ఇంట్లోది ఈదిలోకి తెస్తారేటి భయ్యా?" అన్నాడు గోవిందు చెమట తుడుచుకుంటూ.

"తర్వాత చెబుతాను, పట్టు భయ్యా."

గోవిందు భార్య యర్రమ్మ తన వరండాలో నించుని చూస్తోంది. మొదట ఆశ్చర్యపోయింది. ఫ్రిజ్జు వచ్చేసరికి జాలిపడింది. మంచం వచ్చేసరికి కొంగుతో కళ్లు ఒత్తుకుని, ఎవరికో చెప్పాలని గేటు తీసుకుని బయటికి వెళ్లిపోయింది.

చివరికి మిషన్ ఒక్కటే మిగిలింది. సుందర్‌రాజ్ దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు. మాటిచ్చాడు, నిజమే. కానీ ఇంత బీద ఇంట్లో మోటారు బిగించిన మిషనేమిటి? దుప్పటి కప్పి చూశాడు. దుప్పటి కింద అది ఇంకా ఖరీదైనదానిలా కనబడింది. "భయ్యా, దీన్ని మాత్రం నువ్వొక్కడివే ఎత్తు. నా చెయ్యి పడకూడదు," అన్నాడు.

తర్వాత పెరట్లో నీళ్లు కాచే పొయ్యి లోంచి మసి తెచ్చి, క్రిస్మస్‌కి తనే రంగు వేసిన గోడల మీద తనే పూశాడు. పైకప్పు కారుతున్నట్టు గది మధ్య బకెట్ పెట్టి, అందులో కొన్ని నీళ్లు, చుట్టూ కొన్ని నీళ్లు పోశాడు. ఇంజను గదిలో చేతులు తుడుచుకోవడానికి కూడా పనికిరాదని పారేసిన బనీను వెతికి తొడుక్కున్నాడు. చాప మీద కూర్చుని చుట్టూ చూసుకుంటే అతనికే తన మీద జాలేసింది.

సరిగ్గా పన్నెండింటికి స్కూటీ ఆగింది. దిగిన అమ్మాయికి ముప్పై ఏళ్లుంటాయేమో. బ్యాగు పట్టీ తెగిపోయి, దాన్ని చంకలో ఇరికించుకుని వచ్చింది.

"నమస్తే అంకుల్, నా పేరు శ్రావణి, బ్యాంకు నుంచి. ఇది జ్ఞానవతి ఆంటీ ఇల్లేనా?"

"ఇల్లు అనుకుంటే ఇల్లేనమ్మా," అన్నాడు సుందర్‌రాజ్ నీరసంగా. "నువ్వు తెలుగమ్మాయివా?"

"ఈ ద్వీపాల్లోనే, మాయాబందర్‌లో పుట్టాను అంకుల్. మాట్లాడతాను, చదవమంటే థోడా ముష్కిల్." ఆమె లోపలికి వచ్చి బకెట్ చూసింది. "ఇదేంటి?"

"పైకప్పు కారుతోందమ్మా."

"ఫిబ్రవరిలోనా? వాన పడి రెండు నెలలైంది కదా."

సుందర్‌రాజ్ సాయం కోసం పైకప్పు వైపు చూశాడు. "పాత వానేనమ్మా. మెల్లగా దిగుతోంది."

శ్రావణి కాగితం మీద ఏదో రాసుకుంది. గోడ మీద వేలు పెట్టి, ఆ వేలు చూసుకుని, వాసన చూసింది. "అంకుల్, ఇది పొయ్యి మసి."

"వంట ఇక్కడే చేసుకుంటున్నామమ్మా."

"మరి అక్కడ కనబడేది వంటిల్లు కాదా?"

"అటు చూస్తే ఏడుపొస్తుందమ్మా."

శ్రావణి పెన్ను పక్కన పెట్టి అతని ఎదురుగా చాప మీద కూర్చుంది. "అంకుల్, నేనెందుకొచ్చానో మీకు తెలుసా? బ్యాంకుకి ఈ ఇల్లే హామీ. ఇల్లు పాడైపోయిందని నేను రాస్తే గడువు పెంచడానికి మా మేనేజరు ఒప్పుకోరు. సరే, అది తర్వాత చూద్దాం. ఆంటీ కుట్టుమిషన్ ఏది?"

"మిషనా..." సుందర్‌రాజ్ చాప అంచు సవరించాడు. "అమ్మేశామమ్మా."

"అమ్మేశారా?" శ్రావణి ఫైలు తెరిచింది. "ఆంటీ అర్జీలో ఏం రాశారంటే, ఆయనకి సగం జీతమే వస్తోంది, మిగిలింది నేను మిషన్ కుట్టి కడతాను అని. ఆ మిషన్ ఫోటో తీసుకురమ్మనే నన్ను పంపారు. మిషన్ లేకపోతే అర్జీయే లేదు అంకుల్. చూడండి, కింద మీరూ సంతకం పెట్టారు."

పెట్టాడు. తన సంతకమే, ఆఖరి బంతికి కొంచెం వంకర పోయింది. సుందర్‌రాజ్ గోడల వైపు చూశాడు. ఈ గోడలకి నీళ్లు పట్టింది తను, ఆ కిటికీ చట్రం బిగించింది తను. నోటీసు వల్ల పోవలసిన ఇంటిని తన తెలివితో తనే పోగొట్టుకుంటున్నాడు.

అప్పుడు పక్కింటి వైపు నుంచి యర్రమ్మ గొంతు వినబడింది. "బాబూ, ఫ్రిజ్జీకి మా ఇంట్లో ప్లగ్గు పెట్టీమంటావేటి? సేపల కూర పాడైపోతాది."

శ్రావణి కిటికీ వైపు చూసింది, సుందర్‌రాజ్ వైపు చూసింది. ఏదో అడగబోయేలోపు గేటు దగ్గర పాట వినబడింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. వాళ్ల తెలుగు చర్చిలో ప్రతి ఇల్లాలూ ఎసట్లో బియ్యం పోసేముందు ఒక గుప్పెడు తీసి వేరే డబ్బాలో వేస్తుంది. నెలకోసారి అవన్నీ చర్చికి చేరతాయి. ఎవరింట్లో ఇబ్బందుంటే ఆ ఇంటికి వెళతాయి. స్త్రీల సమాజం పెద్ద బేబీరాణమ్మ. యర్రమ్మ పొద్దున్న గేటు తీసుకుని వెళ్లింది సరిగ్గా ఆవిడ దగ్గరికే. "సుందర్‌రాజ్ బాబు ఇంట్లో సాప ఒక్కటే మిగిల్నాదమ్మా," అని చెప్పింది.

తొమ్మిది మంది ఆడవాళ్లు పాట పాడుకుంటూ వరసగా లోపలికి వచ్చారు. ఇద్దరి నెత్తి మీద బియ్యం మూటలు. ఒకరి చేతిలో కొబ్బరికాయలు, ఒకరి చేతిలో ఎండుచేపలు, అచ్చమ్మ చేతిలో రెండు ప్లాస్టిక్ కుర్చీలు, సీతాలు చంకలో బతికున్న కోడి. పది నిమిషాల్లో ఆ గది, పొద్దున్న సుందర్‌రాజ్ ఖాళీ చేసినదానికంటే ఎక్కువ నిండిపోయింది.

"కళ్లు మూసుకోండి," అంది బేబీరాణమ్మ. శ్రావణి కూడా మూసుకుంది. "ప్రభువా, మంచం కూడా అమ్ముకుని తిన్న ఈ కుటుంబాన్ని కనికరించు. ఒంటి మీద బనీను కూడా లేని... ఉన్నా లేనట్టే ఉన్న ఈ బిడ్డని చూడు..." ఆవిడ ప్రార్థన ఓడ బయల్దేరినంత నిదానంగా సాగింది. మధ్యలో కోడి రెండుసార్లు అడ్డం వచ్చింది.

ఆమేన్ అని అందరూ కళ్లు తెరిచేసరికి గుమ్మంలో జ్ఞానవతి ఉంది.

ఆమె గోడలు చూసింది, బకెట్ చూసింది, కోడిని చూసింది, చివరికి మొగుడి బనీను చూసింది. "ఎవరు పోయారండీ?" అంది.

"ఎవరూ పోలేదు జ్ఞానం."

"నా మిషన్?"

సుందర్‌రాజ్ గడ్డంతో పక్కిల్లు చూపించాడు.

జ్ఞానవతి అరవలేదు. అరిస్తే బాగుండునని అతను అనుకున్నాడు. "ఈసారి మీ చెయ్యే పడాలి. పదండి," అంది అంతే.

తొమ్మిది మంది సోదరీమణులూ, ఒక బ్యాంకు ఆఫీసరూ చూస్తుండగా, చిల్లుల బనీనుతో సుందర్‌రాజ్ మిషన్ ఎత్తుకుని వచ్చాడు. జ్ఞానవతి ప్లగ్గు పెట్టి, స్టూలు లాక్కుని కూర్చుని, "ఆ బ్యాగు ఇలా ఇవ్వమ్మా," అంది. రెండు నిమిషాల్లో తెగిన పట్టీ బ్యాగుకి అతుక్కుంది. శ్రావణి పట్టీ గట్టిగా లాగి చూసి, మిషన్ ఫోటో తీసి, ఆర్డర్ల పుస్తకం ఫోటో తీసి, "సూపర్ ఆంటీ," అంది. తర్వాత ఫైల్లో వేలు పెట్టింది.

"ఇంట్లో ఫ్రిజ్జు, టీవీ, సోఫా, మంచం ఉన్నాయని కూడా రాశారు కదా ఆంటీ. ఉన్నదున్నట్టు రాసేవాళ్లు తక్కువ, అందుకే మా మేనేజరుకి నచ్చింది. అవి కూడా ఓసారి చూడాలి."

"మళ్లీ మొయ్యాలేటి?" అన్నాడు గోవిందు కిటికీలోంచి.

"మీరొద్దు భయ్యా. ఆయన మోస్తారు," అంది జ్ఞానవతి. "గోడలు కూడా ఆయనే తుడుస్తారు."

గోడ తుడుస్తూనే సుందర్‌రాజ్ బేబీరాణమ్మతో, "తప్పయిపోయిందమ్మా, ఇదంతా అబద్ధం. మీ బియ్యం తీసుకెళ్లిపోండి," అన్నాడు. ఆవిడ బియ్యం మూట ఒకటి అతని వైపు జరిపింది. "ఇచ్చిన గుప్పెడు వెనక్కి తీసుకునే అలవాటు మాకు లేదు నాయనా," అని, "ముందు ఆ మూల కూడా తుడు," అంది.

మూడు వారాలకి బ్యాంకు కాగితం వచ్చింది. గడువు ఏడేళ్లు పెంచారు. కిస్తీ దాదాపు సగానికి తగ్గింది. జ్ఞానవతి రెండుసార్లు చదివి, మిషన్ మీద తల ఆనించి ఏడ్చింది. సుందర్‌రాజ్ కూడా ఏడ్చాడు. అతనికి కిస్తీ కంటే, తనని వదిలెయ్యకుండా ఇన్నేళ్లు సర్దుకొస్తున్న ఈ మనిషిని తలుచుకుని ఏడుపొచ్చింది. ఆ మాటే చెప్పాడు. "ముందు ముక్కు తుడుచుకోండి," అందామె.

ఆ ఆదివారం, ముట్టుకోకుండా దాచిన ఆ గుప్పెడు బియ్యంతోనే చర్చిలో అందరికీ ప్రేమవిందు భోజనం. ఆరాధన మధ్యలో, దేవుడు తమకి చేసిన మేలు గురించి లేచి సాక్ష్యం చెప్పేవాళ్ల పేర్లు చదువుతూ పాస్టరుగారు "సుందర్‌రాజ్" అన్నారు. పేరిచ్చింది జ్ఞానవతేనని అతనికి వెంటనే తెలిసింది. లేచి నించున్నాడు. మసి దగ్గర్నుంచి పాత వాన దాకా ఏదీ దాచకుండా చెప్పాడు. చర్చి అంతా కళ్ల నీళ్లొచ్చేలా నవ్వింది.

"నేను ఇల్లు ఖాళీ అని అబద్ధమాడితే మీరు పది నిమిషాల్లో నింపేశారు," అన్నాడు చివర్న. "రేపు నిజంగానే ఖాళీ అయినా నాకు భయం లేదు. దేవునికి స్తోత్రం. మీ అందరికీ స్తోత్రం. మా ఆవిడకి కూడా." బేబీరాణమ్మ కొంగు కళ్లకి పెట్టుకుంది.

ఇంటికొచ్చాక జ్ఞానవతి ఒక కాగితం, పెన్నూ తెచ్చి ముందు పెట్టింది. టీవీలో మళ్లీ ఆఖరి ఓవరే. సుందర్‌రాజ్ ఈసారి టీవీ కట్టేసి, కళ్లజోడు పెట్టుకుని, మొదటి అక్షరం నుంచి చదివాడు. స్త్రీల సమాజం కాగితం అది. నెల నెలా నలభై ఇళ్లకీ నడిచి వెళ్లి గుప్పెడు బియ్యం పోగుచేసి మోసుకొచ్చే బాధ్యత ఓడ తిరిగొచ్చేదాకా సోదరుడు సుందర్‌రాజ్‌ది అని ఉంది.

"నలభై గుమ్మాల్లోనూ ఫ్రిజ్జు ఎలా ఉందని అడుగుతారు జ్ఞానం."

"బాగుందని చెప్పండి. ఉన్నదున్నట్టు."

సుందర్‌రాజ్ సంతకం పెట్టాడు. ఈసారి తిన్నగా వచ్చింది. తర్వాత లేచి వంటింట్లోకి వెళ్లి, రాత్రి వంటకి కొలిచి పెట్టిన బియ్యంలోంచి ఒక గుప్పెడు తీసి డబ్బాలో వేశాడు.

"మీ గుప్పెడు అంతేనా?" అంది వెనక నుంచి జ్ఞానవతి. "ఫ్రిజ్జు మోసిన చెయ్యి కదండీ, ఇంకొంచెం పడుతుంది."

అతను ఇంకో గుప్పెడు తీశాడు.