బడి ముందు మంత్రిగారి బండి

బడులు తెరిచే రోజున, బడి ముందు రోడ్డు మీద, గంటకు ఇరవై కిలోమీటర్లు మించకుండా తానే స్వయంగా కారు నడిపి డ్రైవర్లందరికీ ఆదర్శంగా నిలుస్తానని రవాణా శాఖ మంత్రిగారు విలేఖరుల సమావేశంలో ప్రకటించారు. ఆ ప్రకటన ఎంత గంభీరంగా సాగిందంటే, వెనక వరుసలో కునికిపాట్లు పడుతున్న ఫోటోగ్రాఫర్ సైతం ఉలిక్కిపడి లేచి చప్పట్లు కొట్టాడు. ఎందుకు కొట్టాడో తర్వాత పక్కవాణ్ని అడిగి తెలుసుకున్నాడు.

ఆ మాట రాసిచ్చిన ఉపన్యాసంలో లేదు. మంత్రిగారికి మధ్యలో తట్టింది. ఉపన్యాసం రాసిచ్చిన పీఏ అప్పటికే తల పట్టుకున్నాడు.

ఆ పీఏని ఆఫీసులో అందరూ 'సవరణ' అంటారు. మంత్రిగారు పొద్దున ఏదో ఒకటి అనేస్తే, మంత్రిగారు అలా అనలేదనీ, అన్నా ఆ అర్థంలో కాదనీ, ఆ అర్థంలోనే అయినా ఆ ఉద్దేశంతో కాదనీ సాయంత్రంలోగా పత్రికలకు సవరణ పంపడం ఆయన ఉద్యోగం. అసలు పేరు జీతం పడే రోజున తప్ప ఎవరికీ పనికొచ్చేది కాదు. ఇంట్లో భార్య 'ఏమండీ'తో సరిపెట్టేది.

ఇంత ప్రకటనకు కారణం ఒక చిన్న ప్రమాదం. సెలవులకు ముందు ఆ బడి గేటు దగ్గర ఒక స్కూటరువాడు రెండో తరగతి పిల్లాణ్ని గుద్దేశాడు. కాలు విరిగింది. బడి హెడ్‌మిస్ట్రెస్ మంత్రిగారి దగ్గరకు వచ్చి ఒక స్పీడ్ బ్రేకరు, తెల్ల చారలు, ఉదయం సాయంత్రం 'ఆగుము' బోర్డు పట్టుకుని నిలబడే ఒక మనిషి కావాలని అడిగింది. మంత్రిగారు కదిలిపోయారు.

"స్పీడ్ బ్రేకరు వేస్తే బండి వేగం తగ్గుతుందమ్మా. మనిషి మనసు మారదు. నేను మనసులు మారుస్తాను," అన్నారు.

"అప్పటిదాకా బ్రేకరు వేయించండి సార్," అందామె.

ఆమెకు దూరదృష్టి లేదని మంత్రిగారు ఆమె వెళ్లాక విచారించారు.

సమావేశం అయ్యాక కారు వెనక సీట్లో మంత్రిగారు ఉత్సాహంగా ఉన్నారు. ముందు సీట్లోంచి సవరణ మెడ తిప్పాడు.

"సార్... మీకు డ్రైవింగ్ వచ్చు కదా?"

మంత్రిగారు కండువా సర్దుకున్నారు.

"ఇన్నేళ్లుగా చూస్తూనే ఉన్నాను కదయ్యా."

"ఎక్కణ్నుంచి సార్?"

"వెనక సీట్లోంచి."

"పోనీ లైసెన్సు?"

"రవాణా శాఖే నాది. మళ్లీ లైసెన్సేమిటి?"

"సవరణ పంపేస్తాను సార్. మీరు నడుపుతానన్నది కారు కాదు, ఉద్యమాన్ని అని."

మంత్రిగారికి ఆ వాక్యం నచ్చింది. సరే అనబోతుండగా ఫోన్ మోగింది. పెద్దాయన. అంటే ముఖ్యమంత్రి. మంత్రిగారు సీట్లోనే సగం లేచి నిలబడి మాట్లాడారు. మాట్లాడాక మెల్లగా కూర్చున్నారు.

"అభినందించారయ్యా. చూడ్డానికి స్వయంగా వస్తారట."

ఇక సవరణకు దారి లేకపోయింది. మర్నాడే క్లచ్చక్కను పిలిపించారు.

క్లచ్చక్క ఊళ్లో డ్రైవింగ్ స్కూలు నడుపుతుంది. 'క్లచ్, క్లచ్' అని ఆవిడ పెట్టే కేకలు నాలుగు వీధుల అవతలికి వినిపిస్తాయి. ఆవిడ కారులో ఆవిడ వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది. రవాణా ఆఫీసు వెనక ఖాళీ స్థలంలో పాఠం మొదలైంది. సవరణ వెనక సీట్లో కూర్చున్నాడు. మంత్రిగారు స్టీరింగు ముందు కూర్చోగానే అద్దం సర్దుకుని, జుట్టు దువ్వుకున్నారు.

"అద్దం వెనకొచ్చే బండ్లను చూడ్డానికి సార్," అంది క్లచ్చక్క. "ఇక్కడ చూడండి. ఎడమ కాలికింద క్లచ్చు. మధ్యలో బ్రేకు. కుడివైపుది యాక్సిలరేటరు."

"మూడున్నాయి. కాళ్లు రెండేగా?"

"అందరికీ రెండేనండి."

"ఇన్నాళ్లుగా ఎవరూ పట్టించుకోలేదన్నమాట. రాసుకో," అన్నారు మంత్రిగారు. సవరణ రాసుకున్నాడు.

బండి కదిలింది. క్లచ్చక్క ఎడమకు తిప్పమంది. మంత్రిగారు ఎడమవైపు ఇండికేటరు చక్కగా వేసి కుడికి తిప్పారు.

"సార్, ఎడమకని చూపించి కుడికి పోతున్నారు!"

"రాజకీయాల్లో అలవాటమ్మా. మెల్లగా పోతుంది."

అది పోయినా పోకపోయినా, అసలు చిక్కు మరొకటి ఉంది. మంత్రిగారికి కంగారు పుడితే కుడికాలు బిగుసుకునేది. బిగుసుకున్న కాలు ఎప్పుడూ యాక్సిలరేటరు మీదే ఉండేది.

"బ్రేకు సార్, బ్రేకు!"

"తొక్కుతూనే ఉన్నానమ్మా!"

"అది బ్రేకు కాదు సార్!"

ఆవిడ తన వైపు బ్రేకు తొక్కితే కారు ప్రహరీగోడ ముందు ఆగింది. గోడ పక్కన నిలబడి పాఠం చూస్తున్న అటెండరు గోడ అవతల ఉన్నాడు. ఎలా దాటాడో అతనికే తెలియదు.

పాఠం అయ్యాక క్లచ్చక్క సవరణను పక్కకు పిలిచింది.

"మొహమాటం లేకుండా చెబుతున్నానయ్యా. నేర్పలేనని కాదు. టైము పడుతుంది. రోడ్డు మీద బడిపిల్లలుండగా మాత్రం ఈయన్ని వదలకండి."

"బడులు వచ్చే సోమవారమే తెరుస్తున్నారమ్మా."

"అయితే బడులే ఆపండి!" అని విసుక్కుని వెళ్లిపోయింది.

ఆవిడ విసుగు సవరణకు వినపడలేదు. ఉపాయం వినపడింది. సాయంత్రానికి ప్రకటన వెలువడింది: 'బాలల భద్రతే పరమావధిగా సెలవులు పొడిగింపు'. ఒక పత్రిక సంపాదకీయం కూడా రాసింది. ప్రమాదం జరిగాక పరిహారం ఇచ్చే మంత్రులను చూశాం గాని, ప్రమాదానికి ముందే పిల్లలను తప్పించే మంత్రిని ఇప్పుడే చూస్తున్నామని మెచ్చుకుంది.

ఆ రాత్రి సవరణ ఇంట్లో అన్నం ముందు కూర్చున్నాడు. ఆయన కూతురు మూడో తరగతి. చదివేది ఆ బళ్లోనే. సోఫా మీంచి స్టూలు మీదికి, స్టూలు మీంచి తండ్రి మీదికి దూకుతోంది.

"ఏమండీ, సెలవులెందుకు పొడిగించారు? దీని అల్లరితో నాకు పిచ్చెక్కుతోంది," అంది భార్య.

"పిల్లల భద్రత కోసం."

"ఎవరి నుంచి?"

సవరణ కూర వడ్డించమన్నాడు.

కొన్నాళ్లకు మంత్రిగారు నేరుగా పోవడం నేర్చుకున్నారు. ఇక అసలు రోడ్డు మీద రిహార్సలు చేద్దామన్నారు. ఈ లోపల మంత్రిగారొస్తున్నారని తెలిసి ఇంజనీర్లు ఎవరూ అడక్కుండానే బడి ముందు తెల్ల చారలు గీసి, నున్నగా గుండ్రంగా ఒక స్పీడ్ బ్రేకరు కూడా వేశారు. హెడ్‌మిస్ట్రెస్ దాని పక్కన నిలబడి కళ్లు తుడుచుకుంది.

మంత్రిగారి కారు వచ్చింది. ముందు చక్రాలు బ్రేకరు దాటాయి. వెనక చక్రాలు ఇవతల ఉండగా ఇంజను ఆగిపోయింది. మళ్లీ స్టార్టు చేశారు. మళ్లీ ఆగింది. పాల వ్యానువాడు ఒకడు వెనక హారను కొట్టి, లోపలున్నది ఎవరో చూసి, హారను వెనక్కి తీసుకోలేక వ్యాను వెనక్కి తీసుకున్నాడు. చివరకు అటు ఇద్దరు పోలీసులు, ఇటు ఇద్దరు ఇంజనీర్లు తోస్తే మంత్రిగారు కారుతో సహా బ్రేకరు కిందికి దిగారు.

మరుసటి రోజుకు బ్రేకరు అక్కడ లేదు. తవ్వేసిన చోట తారు వేసి చదును చేశారు. ఇప్పుడా రోడ్డు మునుపటికన్నా నున్నగా ఉంది. బండ్లు మునుపటికన్నా జోరుగా పోతున్నాయి.

"అయ్యో, అది ఉన్నదే బండి ఆపడానికి కదండీ!" అని హెడ్‌మిస్ట్రెస్ ఆఫీసుకొచ్చి లబలబలాడింది.

"ఆపాల్సింది జనాన్నమ్మా. మంత్రిగారిని కాదు," అని సవరణ ఆమెకు కుర్చీ వేశాడు. సెలవులు ఇంకోసారి పొడిగించాడు.

అంతవరకూ అది ఆఫీసు పని. ఆయనకు ఆఫీసు పని తలకెక్కించుకునే అలవాటు లేదు. కానీ ఆ మధ్యాహ్నం మంత్రిగారు టీ తాగుతూ ఒక ఆలోచన చేశారు.

"ఊరికే పోతే ఏం బాగుంటుందయ్యా? పెద్దాయన చూస్తుండగా ఒక పాప రోడ్డు దాటాలి. నేను కారు ఆపాలి. పాప నాకు చెయ్యి ఊపాలి."

"ఏ పాప సార్?"

"మీ అమ్మాయి ఆ బడేగా? మనింటి పిల్లయితే బాగుంటుంది."

సవరణ "అలాగే సార్" అన్నాడు. ఆయన నోటికి వేరే మాట రాదు. బయటికొచ్చి వరండా స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. ఇంటికెళ్లాక పిల్ల మంచం మీంచి మెడకు వేలాడితే, దింపకుండా అలాగే ఇల్లంతా తిరిగాడు. భార్య ఏమైందని గుచ్చి గుచ్చి అడిగితే చెప్పేశాడు.

ఆవిడ అరవలేదు. "పాపకు జ్వరం," అంది.

"ఎప్పట్నుంచి?"

"ఆ రోజు పొద్దుట్నుంచి."

కానీ ఒక పాపకు జ్వరం వస్తే మంత్రిగారు ఇంకో పాపను అడుగుతారు. ఆ పాపకూ ఒక అమ్మ ఉంటుంది. సవరణ ఆ రాత్రంతా కాలుగాలిన పిల్లిలా తిరిగి, పొద్దున్నే పోలీసు లైన్లకు వెళ్లి, ఉన్నవాళ్లలో అందరికన్నా పొట్టి కానిస్టేబుల్ని ఏరుకొచ్చాడు. మీసం తీయించాడు. రెండు జడల విగ్గు, బడి యూనిఫారం, సంచి తగిలించాడు. దూరం నుంచి బాగానే ఉన్నాడు. దగ్గరికి ఎవరూ రాకుండా తాళ్లు కట్టించాడు.

బడులు తెరిచే రోజు రానే వచ్చింది. పెద్దాయన వేదిక మీద ఆసీనులయ్యారు. క్లచ్చక్క 'బాలల సంక్షేమ అధికారి' అని బ్యాడ్జి పెట్టుకుని, తన కారులోని బ్రేకును మంత్రిగారి కారులో బిగించి, పక్క సీట్లో కూర్చుంది. పిల్లలందరినీ తాళ్లకు అవతల, గోడకు ఆనించి నిలబెట్టారు.

కారు కదిలింది. స్పీడు ముల్లు ఇరవై దగ్గర నిలిచింది. జనం చప్పట్లు కొట్టారు. తెల్ల చారల దగ్గర రెండు జడల కానిస్టేబుల్ రోడ్డు మీదికి అడుగు పెట్టాడు. మంత్రిగారికి కంగారు పుట్టింది. కాలు బిగుసుకుంది. కారు ఒక్క ఉదుటున ముందుకు లంఘించింది.

క్లచ్చక్క రెండు కాళ్లతో తన బ్రేకు మీద నిలబడినంత పని చేసింది. కారు ఆగేసరికి కానిస్టేబుల్ సంచి బానెట్ మీద ఉంది. వాడు మాత్రం చెక్కు చెదరకుండా నిలబడి, మంత్రిగారు కనిపించగానే అలవాటు చొప్పున మడమలు కొట్టి సెల్యూట్ చేశాడు.

"ఆ పాప సెల్యూట్ కొట్టిందేమిటి?" అన్నారు పెద్దాయన.

"క్రమశిక్షణ సార్. మన బడులు అలా ఉన్నాయి," అన్నాడు సవరణ.

పెద్దాయన ముచ్చటపడి మంత్రిగారిని కౌగిలించుకున్నారు. గోడ దగ్గర పిల్లలు ఈలలు వేశారు. మంత్రిగారు ఉప్పొంగిపోయారు. మైకు అందుకున్నారు. సవరణ చెయ్యి ముందుకు చాచాడు గాని అందలేదు.

"రేపట్నుంచి నాకు డ్రైవరు వద్దు! రోజూ ఈ రోడ్డు మీదనే, సరిగ్గా బడి వేళకే, నేనే నడుపుకుంటూ ఆఫీసుకు వెళ్తాను. ఇది పిల్లలకు నేనిస్తున్న మాట!"

పెద్దాయన లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. కాబట్టి అది ఇక సవరణకు లొంగదు.

క్లచ్చక్క కారు దిగి బ్యాడ్జి తీసి సవరణ చేతిలో పెట్టింది.

"నా బ్రేకు నేను విప్పుకుపోతున్నానయ్యా. సాయంత్రం క్లాసులున్నాయి."

ఇంటికెళ్లగానే సవరణ భార్యతో అన్నాడు. "రేపట్నుంచి పాపని బడికి పంపకు. కారణం ఎవరికీ చెప్పకు."

ఆవిడ ఎవరికీ చెప్పలేదు, పక్కింటావిడకు తప్ప. కానిస్టేబుల్ ఎవరికీ చెప్పలేదు, ఆ బళ్లో ముగ్గురు పిల్లలున్న తన అక్కకు తప్ప. పాల వ్యానువాడికి చెప్పేవాళ్లు అక్కర్లేదు, వాడు కళ్లారా చూశాడు.

మర్నాడు బడి వేళకు మంత్రిగారు కారు తీశారు. పక్క సీట్లో సవరణ. బెల్టు రెండుసార్లు లాగి చూసుకున్నాడు. కారు బడి రోడ్డులోకి తిరిగింది.

ఆటోలు లేవు. స్కూటర్లు లేవు. బడి బస్సు లేదు. ఫుట్‌పాత్ మీద, గేటు దగ్గర, రోడ్డు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒక్క పిల్ల లేదు. హెడ్‌మిస్ట్రెస్ ఒక్కతే ప్రహరీ లోపలి నుంచి తల ఎత్తి, నమస్కారం పెట్టి, మళ్లీ తల దించేసుకుంది.

మంత్రిగారి కళ్లు చెమర్చాయి.

"చూశావా, ఒక్క రోజులో! జోరుగా పోయే బండి ఒక్కటైనా ఉందా? రోడ్డు మీద పిల్లలు అడ్డదిడ్డంగా పరిగెడుతున్నారా? ఇంత క్షేమమైన బడి రోడ్డు ఎక్కడైనా చూశావా?"

"లేదు సార్."

"ఫలానా మంత్రి చేశాడని ఎప్పటికీ చెప్పుకుంటారు. ఇవాళే ప్రకటన పంపు."

"అలాగే సార్."

మంత్రిగారు మరోసారి అటూ ఇటూ చూశారు. నున్నటి రోడ్డు ఎదురుగా బారుగా పరుచుకుని ఉంది.

"అయినా పిల్లలే లేనప్పుడు ఇంత నెమ్మదిగా పోవడం దేనికయ్యా?" అని గేరు మార్చారు.