చేతుల కుర్చీ

మంగళవారం హొరేషియో పిగట్ ఎప్పటికన్నా గంట ముందు లేచి, భార్య ఎర్నెస్టీన్ ఇచ్చిన కోకో టీ నిలబడే తాగేసి ఆఫీసుకు బయల్దేరాడు. అతని పథకం చాలా చిన్నది. పబ్లిక్ వర్క్స్ శాఖ కచేరీలో తోటి గుమాస్తా లబోర్డ్ కుర్చీని తెచ్చి తన బల్ల దగ్గర వేసుకోవాలి, తన కుర్చీని లబోర్డ్ బల్ల దగ్గర వెయ్యాలి. పదింటికి లండన్ నుంచి వచ్చిన కమిషనర్ దొర తనిఖీ చేసి వెళ్ళగానే మళ్ళీ ఎక్కడివక్కడ పెట్టెయ్యాలి. లబోర్డ్ ఆ పూట రేవులో సిమెంటు పీపాలు దింపించుకోవాలి కాబట్టి పదకొండు దాటితే గాని రాడు.

సెయింట్ బ్లేజ్ ద్వీపంలో రోడ్లు వెయ్యడం ఒక్కటే కాదు, సర్కారు నౌకర్లకు కుర్చీలూ బల్లలూ చేయించి ఇవ్వడం కూడా ఆ శాఖ పనే. ఎవరి హోదాకు ఏ సామానో ఒక పట్టిక ఉంది. మూడో తరగతి గుమాస్తాకు ముక్కాలిపీట, రెండో తరగతికి చేతుల్లేని కుర్చీ, మొదటి తరగతికి చేతుల కుర్చీ, దానితోపాటు మంచినీళ్ళ కూజా. ప్రతి దాని అడుగునా తెల్లరంగుతో నంబరు వేసి, ఎవరి దగ్గర ఏది ఉందో తలుపు వెనక అంటించిన జాబితాలో రాస్తారు. ద్వీపంలో రోడ్లు ఎన్ని మైళ్ళున్నాయో శాఖలో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు గాని, కుర్చీల లెక్క మాత్రం ఎన్నడూ తప్పలేదు.

పిగట్, లబోర్డ్ ఒకే రోజు ముక్కాలిపీటల మీద చేరారు. ఒకే రోజు చేతుల్లేని కుర్చీల్లోకి మారారు. ఆ తర్వాత లబోర్డ్‌కు చేతుల కుర్చీ వచ్చింది, పిగట్‌కు రాలేదు. ఏడేళ్ళుగా పిగట్‌కు కడుపుమంట ఆరలేదు. లబోర్డ్ రెండు మోచేతులూ కుర్చీ చేతుల మీద ఆన్చి కళ్ళు సగం మూసుకుని ఆలోచిస్తుంటే పిగట్‌కు అంకెలు తప్పిపోయేవి. వాడు ఆలోచించడం లేదని, కుర్చీని చూపిస్తున్నాడని అతని నమ్మకం. ఇంట్లో ఎర్నెస్టీన్ ఆ మంటలో తన వంతు పుల్లలు వేసేది. చర్చిలో మొదటి తరగతి వాళ్ళ కుటుంబాలకు ముందు వరస. పదకొండో వరసలోంచి ఆవిడకు ఏడేళ్ళుగా కనిపిస్తున్నది పాస్టరు గారు కాదు, లబోర్డ్ భార్య టోపీ.

ఇప్పుడు చక్కెర ధర పడిపోయి ఖజానా వట్టిపోయింది. శాఖను తిరగేసి మనుషుల్ని తగ్గించమని విట్లో దొరను కమిషనర్‌గా పంపారు. ఐదుగురు గుమాస్తాల్లో ఒకరికి ఉద్వాసన తప్పదని నెల నుంచి గుసగుసలు. పోయేది ఎప్పుడూ చిన్న హోదా వాళ్ళలో ఒకడేనని పిగట్ లెక్క వేసుకున్నాడు. నలభై ఆరేళ్ళ వయసులో ఈ ఉద్యోగం పోతే అతన్ని తీసుకునే కచేరీ ఆ ద్వీపంలో ఇంకోటి లేదు. దొర కంటికి ఒక్క గంట పెద్దవాడిగా కనబడితే చాలు.

కుర్చీలు మార్చేటప్పుడు ఎవరూ చూడలేదు. చేతుల మీద మోచేతులు పెట్టి చూసుకుంటే ప్రాణం గాల్లో తేలినట్టయింది. సరిగ్గా అప్పుడే ముసలి బంట్రోతు జోసయా చీపురుతో లోపలికొచ్చి, కుర్చీ వంక ఒకసారి, పిగట్ వంక ఒకసారి చూశాడు.

"ఇంత శుభవార్త మా దగ్గర కూడా దాచారా పిగట్ బాబూ?" అన్నాడు నిష్ఠూరంగా.

కాదని ఒక్క మాట అంటే సరిపోయేది. కాని జోసయా 'బాబూ' అనడం అదే మొదటిసారి. పిగట్ నవ్వి ఊరుకున్నాడు. సామాను ఏ రోజు కదిలితే ఆ రోజే జాబితా దిద్దాలన్నది నియమం. ముప్పై ఏళ్ళుగా ఆ జాబితా జోసయా చేతిలో ఉంది. ముసలాయన చీపురు పక్కన పెట్టి, కలం తీసుకుని, తలుపు వెనక్కి వెళ్ళి రెండు పేర్లు దిద్దాడు. ఆ తర్వాత కూజా తెచ్చి పిగట్ పక్కన పెట్టాడు.

పదింటికి విట్లో దొరను వెంటబెట్టుకుని చీఫ్ ఇంజనీరు గ్రెగ్సన్ దొర వచ్చాడు. గ్రెగ్సన్ దొర మంచివాడే గాని, గుమాస్తాలను మొహాలతో కాక కుర్చీలతో గుర్తుపట్టేవాడు. ఈయన మా మొదటి తరగతి గుమాస్తా అని పరిచయం చేశాక గాని, కుర్చీలో ఉన్నది వేరే మనిషని ఆయనకు తట్టలేదు. కమిషనర్ రాసుకుని ముందుకు సాగగానే గ్రెగ్సన్ దొర వెనక్కి వచ్చి, లబోర్డ్ ఏమయ్యాడని గొంతు తగ్గించి అడిగాడు.

పిగట్‌కు దేవుడిచ్చిన రెండో అవకాశం అది. ఏడేళ్ళ మంట గొంతుదాకా వచ్చింది.

"ఆయన ఇప్పుడు ఆ కుర్చీలో ఉంటున్నారండి" అని చేతుల్లేని కుర్చీ చూపించాడు.

గ్రెగ్సన్ దొర గతుక్కుమన్నాడు. తాను పడవేసుకుని చేపలకు వెళ్ళిన రోజు ఈ ఉత్తర్వేదో సెక్రటేరియట్ నుంచి వచ్చి ఉంటుంది, చూసుకోలేదు అనుకున్నాడు. కమిషనర్ ఎదుట ఆ సంగతి బయటపడితే తన కుర్చీకే ముప్పు. అందుకని మూడు వారాల కిందటి తేదీతో పిగట్‌ను మొదటి తరగతికి, లబోర్డ్‌ను రెండో తరగతికి మారుస్తూ ఒక ఉత్తరం చెప్పి రాయించాడు. కచేరీలో అందరికన్నా అందమైన దస్తూరీ పిగట్‌ది కాబట్టి అతని చేతే రాయించాడు.

గాలి లేక ఆ రోజు సిమెంటు పడవ రేవుకు రానే లేదు. లబోర్డ్ పదిన్నరకే తిరిగొచ్చాడు. వచ్చి, తన కుర్చీని, కూజాను, తలుపు వెనక జాబితాను వరసగా చూశాడు. పిగట్ రెండు చేతులా కుర్చీని బిగబట్టుకుని తగాదాకు సిద్ధపడ్డాడు.

"పోన్లేవయ్యా, ఉద్యోగం పీకేస్తారనుకున్నాను. కుర్చీతో సరిపెట్టారు" అని లబోర్డ్ చేతుల్లేని కుర్చీలో కూర్చుని ఒళ్ళు విరుచుకున్నాడు. "ఇదే నయం, నడుం తిన్నగా నిలబడుతోంది. ఇన్నేళ్ళూ ఎంత హాయిగా కూర్చున్నావురా."

పిగట్‌కు ఒళ్ళు మండిపోయింది. పన్నెండేళ్ళు కూర్చున్నా తనకు తెలియని సుఖం వీడికి క్షణంలో ఎలా దొరికిందో అర్థం కాలేదు. కాసేపు తన పాత కుర్చీ మీద కూడా అసూయపడ్డాడు.

ఏమైనా మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్ళగానే కుర్చీలు మార్చేసి, దొర కాళ్ళు పట్టుకుని నిజం చెప్పేద్దామనుకున్నాడు. కాని జోసయా మేనకోడలు అప్పటికే బజారులో చేపల బుట్ట దించీ దించకముందే వార్త చెప్పేసింది. పన్నెండింటికి ఎర్నెస్టీన్ ఆదివారపు టోపీ పెట్టుకుని కచేరీకి స్వయంగా వచ్చింది. కుర్చీ చేతి మీద ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా అరచెయ్యి రాసింది. వచ్చే ఆదివారం విందుకు హామ్ పురమాయించాననీ, చర్చిలో ముందు వరస అడిగి ఉంచాననీ, లబోర్డ్ దంపతులను కూడా పిలిచాననీ చెప్పింది.

"వాళ్ళనెందుకు పిలవడం?" అన్నాడు పిగట్ నీరసంగా.

"చూడాలిగా వాళ్ళు" అంది ఎర్నెస్టీన్.

ఆవిడ కళ్ళలో అంత సంతోషం పెళ్ళిరోజున కూడా చూసిన గుర్తు లేదు. పిగట్ ఇక కుర్చీలో నుంచి లేవలేదు.

శుక్రవారం కమిషనర్ నివేదిక వచ్చింది. ఆయన శాఖ రిజిస్టర్లన్నీ తిరగేసి, వాటిలో నమ్మదగింది సామాన్ల జాబితా ఒక్కటేనని తేల్చుకుని, దాని ప్రకారమే కోత వేశాడు. చిన్నవాళ్ళను తీసేస్తే మిగిలేది చిల్లరేననీ, ఖర్చంతా చేతుల కుర్చీల దగ్గరే ఉందనీ రాశాడు. మొదటి తరగతి గుమాస్తా పదవి రద్దు. ఆ పని ఇకపై రెండో తరగతిలో అనుభవం ఉన్న లబోర్డ్ చూసుకుంటాడు.

పిగట్ పరుగున గ్రెగ్సన్ దొర గదికి వెళ్ళాడు. తాను నిజానికి రెండో తరగతేనని, కుర్చీ ఒక్క గంట కోసం వేసుకున్నదేనని దాచకుండా చెప్పేశాడు. దొర అంతా విని, సొరుగులోంచి ఉత్తరం తీసి బల్ల మీద పెట్టాడు.

"ఈ దస్తూరీ ఎవరిది?"

"నాదేనండి."

"నువ్వు చెప్పింది నిజమైతే ఇది దొంగ ఉత్తరం. నా సంతకం ఉన్న ఉత్తరం దొంగది ఎలా అవుతుందయ్యా?"

పిగట్ తన దస్తూరీ కేసి ఒకసారి చూసుకుని బయటికొచ్చాడు.

కొత్త పట్టికలో చేతుల కుర్చీలకు చోటు లేదు గనక దాన్ని వేలం వెయ్యాలి. లబోర్డ్ మాత్రం కచేరీలో అందరినీ కూడగట్టి ఆ కుర్చీ కొని, పిగట్ ఇన్నేళ్ళ సేవకు గుర్తుగా ఇవ్వాలని పట్టుబట్టాడు. ఇదంతా వాడు మనస్ఫూర్తిగానే చేశాడు. పిగట్‌కు అన్నిటికన్నా దుర్భరమైంది అదే.

ఆదివారం ఎర్నెస్టీన్ పదకొండో వరసలోనే కూర్చుని వచ్చింది. పురమాయించిన హామ్ వెనక్కి తీసుకోరు కాబట్టి విందు జరిగింది. జోసయా బండి మీద కుర్చీ తెచ్చి దించి వెళ్ళాడు. పిగట్ దాన్ని వరండాలో వేసుకుని, మొట్టమొదటిసారి ఎవరి భయమూ లేకుండా మోచేతులు ఆన్చాడు. అంతలో లబోర్డ్ దంపతులు మెట్లెక్కి వచ్చారు. లబోర్డ్ భార్యకు ఎర్నెస్టీన్ ఊగుడు కుర్చీ వేసింది. ఇక ఇంట్లో మిగిలింది కాలు విరిగిన స్టూలు.

"ఏమండీ, ఆయన నిలబడే ఉన్నారు. కాస్త లేవండి" అంది భర్త వైపు చూడకుండానే.

పిగట్ లేచాడు. వద్దు వద్దంటూనే లబోర్డ్ కూర్చుని, రెండు మోచేతులూ ఆన్చి, కళ్ళు సగం మూసుకుని ఆలోచనలో పడ్డాడు.