దిండుకి తొడిగిన జాకెట్టు

ఆదివారం పొద్దున్నే డ్రిల్లు మాస్టారు భార్యనీ అల్లుడినీ తెరచాప పడవ ఎక్కించారు. రిటైరయ్యాక ఆయన ఆజ్ఞలు వినడానికి మిగిలింది వీళ్లిద్దరే. పడవలోంచి మనిషి పడిపోతే ఏం చెయ్యాలన్నది ఆ రోజు పాఠం. మనిషికి బదులు ఇంట్లోంచి ఒక దిండు తెచ్చారు. అది మునగకుండా తన లైఫ్ జాకెట్టు విప్పి దానికి తొడిగారు.

"నీ పని ఒక్కటే," అన్నారు భార్యతో. "దాన్ని వేలితో చూపిస్తూ ఉండు. చూపు తిప్పావో, మనిషి పోయినట్టే. మధ్యలో మిమ్మల్ని పరీక్షించడానికి నేను సవాలక్ష వేషాలు వేస్తాను, పట్టించుకోకు."

ఆవిడ తలాడించింది. ముప్పయ్యేళ్ల కాపురంలో ఆవిడ తలాడించడం కొత్త కాదు, వినడమే ఎప్పుడూ లేదు.

దిండు నీళ్లలో పడింది. పడవ ముప్పై గజాలు పోయాక తిప్పమన్నారు మాస్టారు. చుక్కాని పట్టుకున్న అల్లుడు కంగారులో అటు తిప్పాల్సింది ఇటు తిప్పాడు. తెరచాప అడుగున ఉండే కర్ర ఒక్కసారిగా ఇటు తిరిగి, నిలబడి పాఠం చెబుతున్న మాస్టారిని నడుం మీద కొట్టింది. ఆయన వెల్లకిలా నీళ్లలో పడ్డారు.

"అత్తయ్యగారూ, మావయ్యగారు పడిపోయారు."

"పడనీ బాబూ. పరీక్ష పెడతానన్నారుగా." ఆవిడ చూపు దిండు మీదే ఉంది.

పడవ గాలికి దూరంగా కొట్టుకుపోయింది. రెపరెపలాడుతున్న తెరచాపని అల్లుడు అదుపులోకి తెచ్చి వెనక్కి చూసేసరికి అలలు తప్ప ఏమీ కనిపించలేదు. మావయ్యకి అరవై దాటాయి, ఒంటి మీద జాకెట్టు లేదు. ఇంటికెళ్లి భార్యకి ఏం చెప్పాలి?

"ఒట్టు అత్తయ్యగారూ, నిజంగానే పడ్డారు."

అతను ఒట్టు వేశాక ఆవిడకి అది పరీక్ష కాదని తెలిసింది. చూపు మాత్రం తిప్పలేదు.

"ఆయన నాకు చెప్పింది ఇదొక్కటే నాయనా. ఇటే పోనియ్."

వేరే దారి తోచక అల్లుడు ఆ వేలు చూపిన వైపే పడవని నడిపాడు. ఎంత దూరం పోయినా అలలే. చివరికి ఆవిడే అంది, "దిండు పక్కన తల లేచింది. ఆయనదే."

పడవని గాలికి ఎదురు తిప్పి ఆపాడు. తాడు విసిరి, దిండుని కావలించుకుని తేలుతున్న మాస్టారిని ఇద్దరూ కలిసి పైకి లాగారు. అప్పుడు గానీ ఆవిడ వేలు దించలేదు. దించి, భోరున ఏడ్చింది.

ఊపిరి తిప్పుకున్నాక ఆయన అల్లుడితో మెల్లగా చెప్పారు. "ఒక్కసారి మీ అత్తయ్య నా మాట వింటే బతుకుతాననుకున్నాను. అందుకే దిండు వైపు ఈదాను."

తడి బట్టలు పిండుకుంటూనే, పాఠం సగంలో ఆగింది, మరోసారి దిండు వేద్దామన్నారు మాస్టారు.

ఆవిడ వినలేదు.