లియొంతీన్ బుట్ట

శనివారం ఉదయం ఏడున్నరకే ఆర్లెట్ కాఫీ గిన్నె పక్కకు నెట్టి, సంతలో ఏం చెయ్యాలో భర్తకు రెండోసారి వల్లె వేయించింది.

"నీ పని ఒక్కటే, రెజిస్. జెర్మేన్ చీజ్ బల్ల ముందు వరుసలో బుట్ట పెట్టు. వరుస కదిలితే కాలితో ముందుకి తొయ్యి. ఈలోపు నేను వంకాయలూ బీన్సూ తెచ్చేస్తా."

"నేను నిలబడితే సరిపోదా? మధ్యలో బుట్టెందుకు?"

"ఈ ఊళ్ళో మనుషులు నిలబడరు, బుట్టలు నిలబడతాయి. మా అమ్మమ్మ కాలం నుంచీ అంతే."

రెజిస్ ఈ ప్రాంతం వాడు కాదు, ఉత్తరాది మనిషి. ముప్ఫై ఆరేళ్ళు రైల్వేలో సరుకు పెట్టెల్ని వరుసలో కూర్చే పని చేసి రిటైరయ్యాడు. వరుసను బుట్టలకు అప్పగించి ఊరు తిరగడానికి పోయే జనమంటే ఆయనకు సుతరామూ నమ్మకం లేదు. కానీ ఈ రోజు భార్య ముఖం చూసి వాదన పెట్టుకోలేదు.

ఆ బుట్ట ఆర్లెట్ అమ్మమ్మ లియొంతీన్‌ది. ఎప్పుడో ఒక పిడి తెగితే ముసలావిడ తెరచాపలు కుట్టే నీలం దారంతో తనే కుట్టుకుంది. చిన్నప్పటి వేసవి సెలవులన్నీ ఆర్లెట్ ఆ రెండో పిడి పట్టుకుని ఈ సంతలోనే తిరిగింది. అమ్మమ్మ పోయాక నలభై ఏడేళ్ళు ఇటు తొంగి చూడలేదు. ఈ ఏడాది చుట్టాలెవరో గ్యారేజీ ఖాళీ చేస్తూ బుట్ట దొరికిందని పంపారు. అది చూసి ఒక పూటంతా ఏడ్చి, మర్నాడే ఈ ఊళ్ళో సెలవులకు ఇల్లు అద్దెకు మాట్లాడింది.

పోయిన శనివారం రైలు దిగిన పది నిమిషాలకే, బుట్ట ఇంకా సామాన్లలో ఉండగానే, సంతకు పరుగెత్తింది. అప్పట్లో అత్తగారి పక్కన బెరుగ్గా నిలబడే కొత్త కోడలు జెర్మేన్ ఇప్పుడు ఎనభై దాటిన ముసలమ్మ. ఆర్లెట్ ఆమె ఎదురుగా నిలబడి నవ్వింది. జెర్మేన్ కూడా నవ్వి, "తర్వాత ఎవరు?" అంది. ఆర్లెట్ తన పేరు చెప్పలేదు. తనంతట తాను గుర్తుపట్టాలి గానీ, చెప్పి గుర్తు చేయిస్తే ఏం బాగుంటుంది? తిరిగి వచ్చేటప్పుడు తెలిసింది, జెర్మేన్ మేకల్ని అమ్మేసిందట, వచ్చే శనివారమే ఆమెకు ఆఖరి సంత అట. అంటే ఇవాళే. ఇవాళ గుర్తుపట్టకపోతే ఇక ఆర్లెట్‌ని చిన్నపిల్లగా చూసిన మనిషి ఈ ఊళ్ళో లేనట్టే.

రెజిస్ వెళ్ళేసరికి ప్లేన్ అనే నీడ చెట్ల కింద పదకొండు బుట్టలు బారు తీరి ఉన్నాయి. బల్ల దగ్గర ఒక పెద్దాయన చీజ్‌లు ఒక్కొక్కటే వాసన చూస్తూ జెర్మేన్‌తో కబుర్లాడుతున్నాడు. ఆయన తప్ప నరమానవుడు లేడు. రెజిస్ తన బుట్టను పన్నెండోదిగా పెట్టి, కాపలా కుక్కలా నిలబడ్డాడు.

ఇంతలో కవల పిల్లల బండి తోసుకుంటూ ఒకావిడ వచ్చింది. "మస్యూ, కాస్త దారిస్తారా?"

రెజిస్ మర్యాదస్తుడు. బుట్టలన్నీ ఎత్తి పక్కన పెట్టాడు. బండి వెళ్ళిపోయింది. తిరిగి సర్దబోతే ఏది ముందో ఏది వెనకో తెలియలేదు. అప్పుడాయన లోపల నిద్రపోతున్న రైల్వే ఉద్యోగి లేచాడు. బరువైనవి ముందు, తేలికవి వెనక. పెద్ద బుట్టల నుంచి చిన్న వాటి దాకా చక్కగా కూర్చాడు. అన్నింటికన్నా బరువైన దానిలో గళ్ళ గుడ్డ కప్పుకుని ఒక చిన్న కుక్క నిద్రపోతోంది. దాన్ని ఇంజను స్థానంలో పెట్టి, సార్డిన్ చేపల పొట్లం ఉన్న బుట్టను దాని పక్కనే ఆనించాడు. రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నాడు. బుట్టల వరుస మీద ఆయనకు మొదటిసారి నమ్మకం కుదిరింది. ఆ సంతోషంలో ఎదురుగా ఉన్న హోటల్లో కాఫీ తాగడానికి వెళ్ళాడు.

సగం కప్పు అయ్యేసరికి కేకలు వినబడ్డాయి.

"నా బుట్ట మూడోది! తోకకి లాగింది ఎవరు?" అని పెద్ద గడ్డి టోపీ పెట్టుకున్న ఒదీల్ అరుస్తోంది.

"నువ్వెప్పుడు మూడోదానివే? పెళ్ళికాని రోజుల నుంచీ నా వెనకే కదా నువ్వు!" అంది ఇంకో ముసలమ్మ.

"అది సరే, నా సార్డిన్లేవి? ఆరు కొంటే తలకాయలు మిగిలాయి!"

"మా ఫిలూని అనుమానించారంటే బాగుండదు. అది చేప ముట్టదు" అంది కుక్క బుట్టావిడ.

ఫిలూ మీసాలు నాక్కుంటోంది.

రెజిస్ పరుగున వచ్చాడు. "క్షమించాలి, సర్దింది నేనే. బరువుని బట్టి..."

"బరువా? ఎవరి బరువు?" అంది ఒదీల్ నడుం మీద చేతులు పెట్టి.

అంతే, ఎవరి చేతికి అందిన బుట్ట వాళ్ళు లాగారు. కోడిగుడ్లు పగిలాయి, నేరేడు రంగు వెల్లుల్లి దండ తెగింది. సంత పర్యవేక్షకుడు ఈల ఊదుకుంటూ వచ్చి, "బుట్టల దగ్గర ఒంటరిగా తచ్చాడింది ఈయనేనా?" అని అడిగాడు. "ఈయనే!" అన్నారు అందరూ. ఆ ఉదయం వాళ్ళు ఏకమైన మాట అదొక్కటే. తాను దొంగను కాననీ, మాజీ రైల్వే ఉద్యోగిననీ నిరూపించుకోవడానికి రెజిస్‌కు పావుగంట పట్టింది.

వంకాయలతో వచ్చిన ఆర్లెట్ అడిగింది ఒకే ప్రశ్న. "బుట్టేది?"

రెజిస్ లెక్కపెట్టాడు. పదకొండే ఉన్నాయి.

ఆ తర్వాత మూడు గంటలపాటు వాళ్ళు వెతకని చోటు లేదు. ఎవరో ఒకావిడ నీలం దారం పిడి బుట్ట పట్టుకుని బస్సెక్కుతోందని చేపలావిడ చెబితే, రెజిస్ రొప్పుతూ పోయి బస్సు ఆపించాడు. తీరా చూస్తే అది నీలం రిబ్బను. ఆయన వెనక్కి వచ్చేసరికి చర్చి గంట పన్నెండు కొట్టింది. సంత సర్దుకుంటోంది. జెర్మేన్ బల్ల మీద ఒక్క చీజ్ కూడా లేదు.

ఆర్లెట్ ఫౌంటెన్ గట్టు మీద కూలబడింది. "చీజ్ పోతే పోయింది. జెర్మేన్ నన్ను గుర్తుపట్టకపోయినా పోనీ. అమ్మమ్మ చేత్తో వేసిన కుట్టు, రెజిస్, అది. ఇంకేం మిగిలింది నాకు?"

రెజిస్ వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. తప్పు తనదైనప్పుడు భార్య తిట్టకపోతే ఇంత భారంగా ఉంటుందని ఆయనకు అంతవరకూ తెలియదు.

అప్పుడు ఖాళీ అవుతున్న మైదానం అదిరేలా జెర్మేన్ కేక పెట్టింది. "లియొంతీన్ వాళ్ళెవరైనా ఉన్నారా?"

ఆర్లెట్ లేచి పరుగెత్తింది. జెర్మేన్ బల్ల కింది నుంచి బుట్టను బయటికి లాగుతోంది. నీలం కుట్టు అలాగే ఉంది.

"గొడవ మొదలవగానే దాచేశాను. ఆఖరి సంత గిరాకీలో ఇప్పటిదాకా తలెత్తే తీరికే లేదు. పోట్లాటొస్తే ముందు ఈ బుట్టని తప్పించమనేది మా అత్త. ఎందుకంటే ప్రతిసారీ మొదలెట్టేది లియొంతీనే" అంది జెర్మేన్. "ఎండిన చీజ్‌లు నాలుగు, బూడిద పూసినవి రెండు. ఎప్పుడూ ఇచ్చేవే. పైది చూశావా, అది చిన్నదానికి."

పైన అంజూర ఆకులో చుట్టిన, అరచేతిలో ఇమిడేంత మెత్తటి చీజ్ ఉంది.

"నడుస్తూనే తినేసి చేతులు గౌనుకి తుడిచేది. ఏదీ, రాలేదా?"

"వచ్చింది" అంది ఆర్లెట్. "నేనే."

జెర్మేన్ ఆమెను కిందికీ పైకీ చూసింది. "పోయిన వారం వచ్చి నా ఎదురుగా నవ్వుతూ నిలబడ్డావు కదూ! అప్పుడే చెప్పొచ్చు కదే పిల్లా!"

"నువ్వు గుర్తుపడతావనుకున్నాను."

"ఎలా గుర్తుపడతాను? చేతిలో బుట్ట లేదుగా!"

అరవై ఏడేళ్ళ ఆర్లెట్ అక్కడే ఆకు విప్పి ఆ చీజ్ తింది. ఏడ్చింది, నవ్వింది, చేతులు గౌనుకు తుడుచుకుంది. నలభై ఏడేళ్ళలో ఆ రుచి రవ్వంత కూడా మారలేదని రెజిస్‌తో అంది. ఆయనకు ఒక్క ముక్క కూడా పెట్టలేదు.

ఇంటికి వెళ్ళే దారిలో ఒదీల్‌తో సహా ముసలమ్మలందరూ ఆగి మరీ బుట్టను పలకరించారు. రెజిస్‌ను చూసి తోకాడించింది మాత్రం ఫిలూ ఒక్కటే.