నాలుగు స్తంభాల విశ్రాంతి

ఒక సమాజం ఎంత నాగరికమైందో తెలుసుకోవాలంటే అక్కడి మనుషులు ఎలా పని చేస్తారో చూడనక్కర్లేదు, ఎలా విశ్రాంతి తీసుకుంటారో చూస్తే చాలు. ఆ లెక్కన మిస్సిసిపీ నది ఒడ్డున ఉన్న మా టాలివర్ బ్లఫ్ పట్టణాన్ని మించింది లేదు. ఇక్కడ విశ్రాంతికి నియమావళి ఉంది, పర్యవేక్షణకు కమిషన్ ఉంది, ఉల్లంఘించినవారికి తాఖీదు ఉంది. (విశ్రాంతి ఉందా అని అడగకండి. అది కమిషన్ పరిధిలోకి రాదు.)

నేను గుట్ట దిగువన, నదిని ఆనుకుని ఉన్న లేజీ పెలికన్ పార్కుకు కాపలాదారుని. ఆర్‌వీలనే చక్రాల ఇళ్లు తోలుకొచ్చేవాళ్లకు చోటు చూపించి, కరెంటూ నీళ్లూ తగిలించడం నా పని. అందుకు బదులుగా నా బండిని ఓ మూల ఊరికే ఉండనిస్తారు. మా తాతముత్తాతలు క్యాట్‌ఫిష్ పట్టుకుని బతికారు తప్ప ఈ ఊళ్లో ఒక్క భవంతి కూడా కట్టించలేదు. అందుచేత నాకు చారిత్రక ప్రాముఖ్యం లేదు.

చిక్కంతా చూపుతో వచ్చింది. గుట్ట మీద తెల్ల స్తంభాల పాత భవంతులున్నాయి. వాటిలో పెద్దది థ్రాకర్ హాల్. దాని వరండాలో ఐస్ టీ తాగుతూ మిసెస్ కార్నీలియా థ్రాకర్ కిందికి చూస్తే ఒకప్పుడు నది కనబడేది. ఇప్పుడు మా పార్కులో ఆరేసిన తువ్వాళ్లూ, ఇండియానా నుంచి వచ్చిన పెద్దమనుషుల నిక్కర్లూ కనబడుతున్నాయి. ఆవిడ చారిత్రక సామరస్య కమిషన్‌కు అధ్యక్షురాలు కూడా కావడంతో నియమం రావడానికి ఆట్టే కాలం పట్టలేదు. వరండాల మీంచి కనబడే మేరలో మూడు రాత్రులకు మించి నిలిచే ప్రతి చక్రాల ఇల్లూ చరిత్రతో సామరస్యంగా ఉండాలి. అంటే ముందువైపు నాలుగు తెల్ల స్తంభాలు, ఒక ఊగుడు కుర్చీ, ఇంటికొక గంభీరమైన పేరు ఉండాలి.

జనం ఎదురు చెప్పలేదు. సెలవుల్లో ఉన్నవాడు ఏం చెప్పినా చేస్తాడు. మురుగునీటి గొట్టాలకు తెల్లరంగు పూసి స్తంభాలు చేసుకున్నారు. ఏసీ పెట్టెల మీద ఇక్కడి పాత చెట్లకు వేలాడే నాచు కప్పుకున్నారు. ఒహాయో నుంచి వచ్చిన ఒకాయన తన బండికి 'విల్లో మేనర్' అని పేరు పెట్టి, వెళ్లే రోజున స్తంభాలు విప్పడం మరిచిపోయి హైవే ఎక్కేశాడు. ఎవరో ఇల్లు మారుతున్నారనుకుని పోలీసులు కూడా దారిచ్చారు.

వసంతకాలంలో పర్యాటకులకు పాత భవంతులు చూపించే సందర్శనలో ఈ ఏడు మా పార్కును కూడా చేర్చారు. గొడుగుల్లాంటి పాతకాలపు గౌన్లు వేసుకున్న గైడమ్మలు ఆర్‌వీ తలుపుల్లో పట్టరు కనుక చరిత్ర అంతా బయటే నిలబడి చెప్పేవారు. "ఈ కుటుంబం మంగళవారం గాలివానకి చాలా కష్టాలు పడిందండీ, అయినా తలవంచలేదు" అంటుంటే పర్యాటకులు టోపీలు తీసేవారు.

అలాంటి రోజుల్లో షికాగో నుంచి బ్యాంక్‌స్టన్ దంపతులు వచ్చారు. ఆయన రాస్కో, సిటీ బస్సు నడిపి రిటైరయ్యాడు. ఆవిడ ఒడెస్సా, ఆసుపత్రి లాండ్రీలో వయసంతా గడిపిన నల్లజాతి పెద్దావిడ. బండిని వెనక్కి పెట్టించే కార్యక్రమం మా పార్కులో సినిమాతో సమానం కాబట్టి అందరూ కుర్చీలు తెచ్చుకుని కూర్చున్నారు. ఆవిడ చేతులూపింది. ఆయన ఆ చేతులు ఎటు ఊగితే దానికి ఎదురు దిశలో తిప్పాడు. ఇద్దరూ విడాకుల అంచుదాకా వెళ్లి, చివరికి నది కనబడే చోటే క్షేమంగా నిలిచారు.

మర్నాడు సామరస్య ఇన్‌స్పెక్టరు లామార్ టిల్‌మన్ టేపు పట్టుకుని వచ్చాడు. మెత్తని మనిషి. మంగలి షాపు నడుపుకుంటూ మధ్యాహ్నాలు చరిత్రను కాపాడుతుంటాడు.

"కుర్చీ తెచ్చుకున్నాను నాయనా. స్తంభాలు మాత్రం పెట్టను" అంది ఒడెస్సా.

"అలాగైతే మూడో రాత్రి గడవగానే బండి తియ్యాలండి, మిస్ ఒడెస్సా. నాదేముంది, నేను కొలిచేవాణ్ణి."

"వారం ఉందామని వచ్చాను. మా అమ్మమ్మ వాళ్లమ్మ అదిగో, గుట్ట మీదున్న ఆ పెద్ద ఇంటి వెనక వంటపాకలో పుట్టింది. ఆవిడ నాన్న చిన్నప్పుడు బానిసగా ఆ ఇంటికి ఆరబెట్టిన పచ్చి ఇటుకలు తిరగేశాడట. వాళ్లలో ఒక్కరు కూడా ఒక్క పొద్దున ఈ ఏటి ఒడ్డున ఊరికే కూర్చున్న పాపాన పోలేదు. అందరి తరఫునా నేను కూర్చుంటాను."

లామార్ చేతిలోని కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "విశ్రాంతికి కారణం రాయడానికి గడి ఉందండీ. ఎవరి తరఫున అని రాయడానికి లేదు."

"పోనీ పెట్టేద్దాం లేవే, నాలుగు గొట్టాలేగా" అన్నాడు రాస్కో. "నిన్న నువ్వు నాచేత గుద్దించబోయిన వాటికంటే ఎక్కువా?"

"నువ్వు ఊరుకో. ఆ ఇంటి స్తంభాలకి ఒకసారి మావాళ్లు చాకిరీ చేశారు. రెండోసారి నావల్ల కాదు."

నియమావళి పుస్తకం నా దగ్గర ఉంటే ఇచ్చాను. కళ్లజోడు పెట్టుకుని ఆవిడ మొదటినుంచీ చదివింది. (నాకు తెలిసి ఇంతవరకు ఆ పని రాసినవాళ్లు కూడా చెయ్యలేదు.) చివర్లో ఒక మినహాయింపు ఉంది. ఎవరి పూర్వీకుల చెమటతో ఈ భవంతులు నిలిచాయో ఆ కుటుంబాలకు ఈ నియమం వర్తించదని. మిసెస్ థ్రాకర్ తన మేనల్లుడి బండి స్తంభాల్లేకుండా నిలుపుకోవడానికి రాసుకున్న ముక్క అది.

అది తనకూ వర్తిస్తుందని ఒడెస్సా పెట్టిన అర్జీ మీద విచారణ థ్రాకర్ హాల్ వరండాలోనే జరిగింది. సందర్శన రోజు కావడంతో పర్యాటకులు కూడా చుట్టూ మూగారు.

"ఆ మాట మా కుటుంబాల గురించి రాసిందండీ" అంది మిసెస్ థ్రాకర్, నవ్వు చెదరకుండా.

"చెమట అని ఉంది కదండీ. మీ ముత్తాతగారికి బాగా పట్టేదా?" అని అడిగింది ఒడెస్సా.

"మిస్సిసిపీ ఎండ అందరికీ ఒకటేనండి. ఏదైనా రుజువుంటే కమిషన్ తప్పక పరిశీలిస్తుంది."

ఒడెస్సా లేచి మూడో స్తంభం దగ్గరకు వెళ్లింది. కింది భాగంలో గచ్చు ఊడి లోపలి ఇటుకలు కనబడుతున్నాయి. ఒక ఇటుక మీద మూడు వేళ్ల గుర్తులున్నాయి. పచ్చిగా ఉన్నప్పుడు ఎవరో పట్టుకుని తిరగేసిన గుర్తులు. ఆవిడ తన వేళ్లు వాటిలో పెట్టబోయింది, పట్టలేదు. చిటికెన వేలు కూడా పట్టలేదు. అవి చిన్నపిల్లాడి వేళ్లు. ఆ స్తంభం పక్కనుంచి నేను కొన్ని వందలసార్లు నడిచాను.

"ఎవరివండీ ఆ వేళ్లు?" అని ఒక పర్యాటకుడు గైడమ్మను అడిగాడు.

"మాకిచ్చిన పాఠంలో అది లేదండీ" అంది ఆవిడ.

అంతమంది ముందు కాదనడం మర్యాద కాదు. మా ఊరు ప్రాణమైనా ఇస్తుంది గానీ మర్యాద తప్పదు. మిసెస్ థ్రాకర్ మినహాయింపు మంజూరు చేసి, అందరికీ ఐస్ టీ ఇప్పించింది.

ఒడెస్సా వారమంతా పొద్దున్నే కాఫీ గ్లాసుతో ఏటి ఒడ్డున కూర్చుంది. ఏమీ చెయ్యలేదు. చదవలేదు, అల్లలేదు, రాస్కో ఏదైనా పని చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టింది. అలవాటు కొద్దీ కుర్చీ కొలవడానికి వచ్చిన లామార్ టేపు జేబులో పెట్టేసి, పక్కన నేల మీద చతికిలబడి కాఫీ తాగి వెళ్లాడు. ఇన్నేళ్లలో మా పార్కులో నిజంగా విశ్రాంతి తీసుకున్న మనిషిని నేను ఆవిడనొక్కదాన్నే చూశాను.

వాళ్లు వెళ్లిన పొద్దున నేను గుట్ట ఎక్కి చూశాను. ఇద్దరు మేస్త్రీలు మూడో స్తంభం దగ్గర అప్పుడే పని ముగించి తాపీలు కడుక్కుంటున్నారు. గచ్చు నున్నగా, తెల్లగా, ఎక్కడా అతుకు తెలియకుండా కుదిరింది.

ఆ ఖర్చును కమిషన్ 'చరిత్ర పరిరక్షణ' పద్దు కింద చూపించింది.