ఎర్ర దీపానికో కేకు

సోమవారం పొద్దున నైరీ మెకాస్కిల్ వేసుకున్న పథకం చిన్నదే. ఆఫీసులో తన ప్రోగ్రాంకు ఒక చిన్న మార్పు చేసి పంపించడం, మధ్యాహ్నం కాకముందే బయటపడి ఏటికి అవతలి ఒడ్డున ఉన్న క్లారీ హాగ్ ఇంటికి వెళ్లడం, కాళ్లావేళ్లా పడైనా ఆయన్ని రాత్రి భోజనానికి ఒప్పించడం. ఆ రోజుతో ఆమె తండ్రి మర్డోకు ఎనభై ఏళ్లు నిండుతాయి.

"ఎవరినీ పిలవొద్దు," అన్నాడు మర్డో, రొట్టెకు వెన్న రాస్తూ. "ఎనభై ఏళ్లు బతకడం ఘనకార్యమేం కాదు. చావడం మర్చిపోతే ఎవరికైనా వస్తాయి."

"ఎవరూ రారులే నాన్నా."

"క్లారీ అయితే అసలు రాకూడదు."

క్లారీ పేరు నైరీ ఎత్తనే లేదు. ఊరికే బూట్లు తొడుక్కుంది.

మర్డో, క్లారీ ఒకప్పుడు ఒకే పడవ మీద బతికినవాళ్లు. రివర్టన్ ఊళ్లో ఒకరిని పిలిస్తే ఇద్దరూ పలికేవారు. పడవను తనంతట తానే నడిపే యంత్రాన్ని ఒక ఏడాది క్లారీ కొనుక్కొచ్చాడు. ఎండ కాస్తున్న ఒక మధ్యాహ్నం, చుక్కానిని యంత్రానికి అప్పగించి ఇద్దరూ కిందికి దిగి టీ తాగారు. యంత్రం చెప్పిన దారినే నిజాయితీగా వెళ్లి, ఊరంతా ఒడ్డున నిలబడి చూస్తుండగా, ఏటి మొగలో ఇసుకతిప్ప మీదికి పడవను ఎక్కించింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. "నువ్వు చూస్తున్నావనుకున్నా" అని ఇద్దరూ ఒకేసారి అన్న మాట మాత్రం ఇద్దరికీ తగిలింది. పడవ అమ్మేశారు. మాటలు ఆగిపోయాయి.

చలికాలంలో ఊపిరితిత్తులకు జబ్బు చేసి లేచాక మర్డో గడప దాటలేదు. పొద్దున లేవగానే దుర్భిణి తీసి అవతలి ఒడ్డున క్లారీ ఇంటి పొగగొట్టం కేసి చూస్తాడు. పొగ కనబడితే, "బతికే ఉన్నాడు దొంగ," అని తిట్టుకుని, అప్పుడు టీ తాగుతాడు. నాన్నకు మందు ఏ డాక్టరు దగ్గర ఉందో నైరీకి తెలియకపోలేదు.

ఆమె ఆఫీసు గాలాల దుకాణం మీద మేడ. అందులో ఇద్దరే, నైరీ, టిపెనే అనే కుర్రాడు. ఆటుపోట్లు ఎప్పుడో, ఏటి మొగ ఎప్పుడు దాటవచ్చో చేపల పడవలకు చెప్పే ప్రోగ్రాం వాళ్లది. పూర్వం కొత్తది ఎక్కించాలంటే నైరీ పడవ పడవకూ దిగి వెళ్లాల్సి వచ్చేది. ఇప్పుడు ఆ చాకిరీకి సాధనాలొచ్చాయి. జెంకిన్స్ మేలా, గిట్‌ల్యాబ్ మేలా, గిట్‌హబ్‌తో వచ్చేది మేలా అని ఆ వృత్తిలో వాళ్లు కోడిపందెం దగ్గర చేరినవాళ్లలా కేకలేసుకుంటారు గాని, ఏది పెట్టుకున్నా జరిగేది ఒకటే. రాసిన కోడు దాని చేతిలో పెడితే అదే కూర్చుకుంటుంది, అదే పరీక్షలు పెడుతుంది, అన్నీ నెగ్గితే పచ్చ దీపం వెలిగించి పడవలకు పంపిస్తుంది. ఒక్కటి తప్పినా ఎర్ర దీపం వెలిగించి ఆపేస్తుంది.

ఎర్ర దీపం ఎవరివల్ల వెలిగితే వాళ్లు అందరికీ కేకు తేవాలన్నది ఆ వృత్తిలో పాత ఆచారం. టిపెనే తన వంతు ఎప్పుడూ మర్చిపోయేవాడు. "నీ కేకు తినేలోపు నాకు పళ్లూడిపోతాయి," అని నైరీ దెప్పగా దెప్పగా, అతను రోషపడి కేకును కూడా ఆ సాధనానికే తగిలించాడు. దీపం ఎర్రబడిన మరుక్షణం తప్పు చేసినవాళ్ల పేరు మీద డోరీన్ బేకరీకి ఆర్డరు వెళుతుంది, అలంకారం లేని పెద్ద స్పాంజి కేకు ఒకటి.

ఇది బాగానే నడిచింది. అయితే మొన్న శుక్రవారం నైరీ ఇంకో ఏర్పాటు చేసింది. పరీక్షలకు కావలసిన ఆటుపోట్ల లెక్క దూరం నుంచి వస్తుంది, అప్పుడప్పుడూ లైను తెగుతుంది. అందుకని, "తప్పితే మళ్లీ మొదటి నుంచి ప్రయత్నించు," అని ఆ సాధనానికి చెప్పింది. ఎన్నిసార్లో చెప్పలేదు. ప్రతి ప్రయత్నానికీ ఒక ఎర్ర దీపం, ప్రతి దీపానికీ ఒక కేకు ఉంటాయన్న సంగతి ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు.

పైగా ఆదివారం నాడు వేసవి వెలుగు కలిసిరావడానికి ఏటా చేసినట్టే దేశమంతా గడియారాలు గంట ముందుకు తిప్పుకుంది. సముద్రం తిప్పుకోలేదు.

నైరీ మార్పు పంపింది. ఎర్ర దీపం. తన కోడులోనే పొరపాటుందనుకుని దిద్ది పంపింది. మళ్లీ ఎరుపు. ఆమె దిద్దుకుంటూ ఉంది, అది తన మానాన తాను మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూ ఉంది.

బేకరీలో డోరీన్‌కు మొదటి ఆర్డరు రాగానే నవ్వొచ్చింది. రెండోదానికి కళ్లజోడు పెట్టుకుంది. ఆ తరువాత ప్రింటరు ఆగలేదు. మెకాస్కిల్, స్పాంజి. మెకాస్కిల్, స్పాంజి.

"ఏదో విందు కాబోలు," అంది రొట్టె కొనడానికొచ్చిన పోస్టావిడ.

"విందుకైతే క్రీము పెట్టు, పేరు రాయి, పువ్వులు వెయ్యి అని ప్రాణం తీస్తారమ్మా. ఎప్పుడూ ఒక్కటే చెప్పేవాళ్లు. ఏమీ లేని స్పాంజిలు ఇన్ని, అదీ సోమవారం పూట! ఇది చావింట వచ్చినవాళ్లకు పెట్టే కేకు." డోరీన్ చెయ్యి గుండె మీదికి వెళ్లింది. "మర్డోని చలికాలం తరవాత చూశావా నువ్వు?"

"కిటికీలో చూశాను."

"కిటికీలో ఎవరైనా బాగానే కనిపిస్తారు. పాపం పిల్ల, ఎన్ని చెప్పిందో కూడా తెలియనంత దుఃఖంలో ఉంది. చెప్పిందే చెబుతోంది చూడు."

అయినా డోరీన్ తొందరపడే మనిషి కాదు. నిర్ధారణ చేసుకుందామని ఆఫీసుకు ఫోన్ చేసింది. టిపెనే ఎత్తాడు.

"బాబూ, నైరీ ఎలా ఉంది?"

"ఏం బాగాలేదండీ. పొద్దుట్నుంచి తల పట్టుకుని కూర్చుంది. ఎవరితోనూ మాట్లాడే స్థితిలో లేదు."

"ఆ కేకులు..."

టిపెనే గొంతు తగ్గించాడు. ఒకటి రెండు కేకుల గురించి ఇంత మర్యాదగా అడిగేవాళ్లుంటారని అతను అనుకోలేదు. "అవునండీ, ఆమెవే. మీరేం అడక్కండి, ఇంకా బాధపడుతుంది."

"అడగను నాయనా. ఇంటికి నేనే పంపిస్తాను," అని డోరీన్ ఫోన్ పెట్టేసి, అప్రాన్‌తో కళ్లు తుడుచుకుని, ఇంకో డజను గుడ్లు కొట్టింది.

ఆ తరువాత చెప్పవలసిందేముంది? పోస్టావిడ సైకిలు మీద వీధి వీధీ తిరిగే మనిషి. అటు వంతెన దాకా వార్త చేరేలోపు ఇటు ప్రతి వంటింట్లోనూ రొట్టెకు వెన్న రాస్తున్నారు. చావింటికి ఉత్త చేతులతో వెళ్లే ఊరు కాదది. చీజు రోల్స్ కాలాయి, కోడిగుడ్డు శాండ్‌విచ్‌లు అంచులు కోయించుకున్నాయి. పాస్టరు గారు తలుపు వేసుకుని మర్డో గురించి నాలుగు ముక్కలు రాయడం మొదలుపెట్టారు. జాలర్ల క్లబ్బులో జెండా సగానికి దించారు.

ఆ జెండా మర్డోకు కిటికీలోంచి కనిపించింది.

"ఎవరు పోయారబ్బా?" అనుకుని క్లబ్బుకు ఫోన్ చేశాడు. అక్కడ అందరూ ఇస్త్రీ బట్టల కోసం ఇళ్లకు పరుగెత్తారు. ఎవరూ ఎత్తలేదు. దుర్భిణి తీసి అవతలి ఒడ్డుకేసి చూశాడు. క్లారీ పొగగొట్టంలో పొగ లేదు. క్లారీ ఇంటికి ఫోన్ చేశాడు. ఆ ఫోన్‌కు ఈ ఇంటినుంచి చాలా ఏళ్లుగా కాల్ వెళ్లలేదు. అయినా అంకెలు వేళ్లకు గుర్తున్నాయి. అది మోగి మోగి ఊరుకుంది.

మర్డో ఫోన్ పెట్టేశాడు. తరువాత లేచి వెనకగదిలోకి వెళ్లి నల్లకోటు వెతుక్కున్నాడు. ఎడమ చెవి వినబడదు గనక డోరీన్ వచ్చి తలుపు కొట్టినా తెలియలేదు. ఆమె కేకుల పెట్టెలన్నీ వరండాలో పేర్చి, "పాపం, అప్పుడే తీసుకెళ్లిపోయినట్టున్నారు," అనుకుంటూ వెళ్లిపోయింది. టై కట్టుకుని బయటికొచ్చిన మర్డోకు వరండా నిండా పెట్టెలు కనబడ్డాయి. నైరీ ఏదో తెప్పించిందనుకున్నాడు. చావింటికి ఒట్టి చేతులతో వెళ్లకుండా దేవుడే చూశాడని ఒక పెట్టె చంకన పెట్టుకుని, వంతెన వైపు నడిచాడు.

ఆఫీసులో టిపెనే ఆవులించాడు. "నిన్న మన నిద్రలో గంట కొట్టేశారు గదా, ఇంకా కళ్లు మూతలు పడుతున్నాయి."

నైరీ చటుక్కున తలెత్తింది. "ఏమన్నావు?"

"నిద్ర..."

"గంట! గడియారం రా తిక్కలోడా! మన పరీక్ష కొత్త గంట చూస్తోంది, సముద్రం పాత గంటలో ఉంది!"

ఒక్క గీత దిద్దితే పచ్చ దీపం వెలిగింది. నైరీ కోటు తగిలించుకుని, క్లారీ కాళ్లు ఎలా పట్టుకోవాలో ఆలోచించుకుంటూ మెట్లు దిగింది. వీధిలో మొదట ఎదురైంది డోరీన్. ఆమె నైరీని గట్టిగా కావలించుకుంది.

"ధైర్యంగా ఉండు తల్లీ. బంగారంలాంటి మనిషి."

"ఎవరు?"

"మీ నాన్నేనమ్మా."

"నాన్నకేమైంది?"

డోరీన్ రెండడుగులు వెనక్కి వేసింది. "నీకు తెలీదా?"

నైరీ జెండా కేసి చూసింది. తరువాత ఆమె ఎలా పరుగెత్తిందో ఆమెకే తెలియదు. ఇంటిముందు ఊరు ఊరంతా నల్లబట్టల్లో, చేతుల్లో పళ్లాలతో నిలబడి ఉంది. ఎవరో దారిచ్చారు, ఎవరో భుజం తట్టారు. నాన్న కుర్చీ ఖాళీగా ఉంది. మంచం ఖాళీగా ఉంది. పొద్దున ఆయన వెన్న రాసుకున్న కత్తి ఇంకా పళ్లెంలోనే ఉంది. పొద్దున కనీసం శుభాకాంక్షలైనా సరిగ్గా చెప్పలేదని ఆమెకు గుర్తొచ్చింది. కిటికీ చట్రం పట్టుకుని బయటికి చూసింది.

వంతెన నడుమ నల్లకోట్లలో ఇద్దరు ముసలాళ్లు ఎదురెదురుగా నిలబడి ఉన్నారు.

వాళ్లు అలా నిలబడి కొంతసేపైంది. క్లారీ చేతిలో మాడిన చీజు రోల్స్ పళ్లెం ఉంది.

"నువ్వు చచ్చిపోయావుగా," అన్నాడు క్లారీ.

"నేనా? పోయింది నువ్వు గదరా!"

"ఎవరు చెప్పారు?"

"నీ పొగగొట్టం. నిన్నెవరు నమ్మించారు?"

"ఊరంతా. పొయ్యార్పేసి నీ దగ్గరికే బయల్దేరా." క్లారీ పళ్లెం నేలమీద పెట్టి, వంతెన అంచున చతికిలబడ్డాడు. "దారి పొడుగునా నీకు చెప్పాల్సిన మాట ఒకటి వల్లించుకుంటూ వచ్చాను. నువ్వు వినవు గదాని ధైర్యం. ఇప్పుడెలా చచ్చేది?"

మర్డో కేకు పెట్టె దించి, మెల్లగా వంగి అతని కుడిపక్కన కూర్చున్నాడు. "ఎడమ చెవి ఎటూ చెవుడు. దాంట్లో చెప్పు."

క్లారీ నీళ్లకేసి చూస్తూ ఆ చెవిలో చెప్పాడు. "ఆ రోజు చుక్కాని దగ్గర ఉండాల్సింది నేనే."

ఏటి మీద పక్షి ఒకటి అరుచుకుంటూ పోయింది.

"టీ చల్లారిపోతోందని కిందికి పిలిచింది నేను," అన్నాడు మర్డో.

"ఒరే, వినబడదన్నావు!"

"అన్నాను."

"టీకి పిలిచింది నువ్వేనని నేనిన్నేళ్లూ మొత్తుకుంటుంటే..."

"మొత్తుకోరా. మొత్తుకోవడానికైనా ఇంటికి రావద్దూ?"

అప్పుడు నైరీ రొప్పుతూ వచ్చింది. తండ్రి కోటు కాలరు రెండు చేతులా పట్టుకుంది. వదల్లేదు.

"ఎక్కడికెళ్లావు నాన్నా?"

"క్లారీ చావుకి."

"నేను వీడి చావుకి," అన్నాడు క్లారీ.

ఏడవాలో నవ్వాలో తెలియక నైరీ రెండూ చేసింది. కాస్త తెమలగానే దీపం సంగతి, కేకు సంగతి, గడియారం సంగతి చెప్పింది. ముసలాళ్లిద్దరూ శ్రద్ధగా విన్నారు.

"అంటే," అన్నాడు క్లారీ, "పని యంత్రానికి అప్పజెప్పి, అవతలివాడు చూస్తున్నాడులే అనుకున్నారు, మీరిద్దరూ."

"అవును బాబాయ్."

మర్డో, క్లారీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు మర్డో భుజాలు కదిలాయి. తరువాత ఇద్దరూ వంతెన రెయిలింగు పట్టుకుని, దగ్గొచ్చేదాకా నవ్వారు.

"బాబాయ్, రాత్రి భోజనానికి..." నైరీ మొదలుపెట్టింది.

"రాత్రి దాకా ఎందుకే? పళ్లెం తెచ్చుకునే ఉన్నాగా," అని క్లారీ లేచి, మర్డోకు చెయ్యందించాడు.

ముగ్గురూ గేటు తీసుకుని లోపలికి రాగానే వాకిట్లో తలలన్నీ అటు తిరిగాయి. ఒకావిడ చేతిలో శాండ్‌విచ్‌లు గడ్డిలో పడ్డాయి. ముందుగా తేరుకున్నది డోరీన్.

"పొద్దుట్నుంచి ఏడుస్తూ గుడ్లు గిలక్కొట్టానయ్యా నేను!"

"అయితే కేకులు ఉప్పగా ఉంటాయి," అన్నాడు మర్డో. "నాకివాళ ఎనభై నిండాయి. అందరూ ఎలాగూ వచ్చారు, కూర్చోండి."

కెటిళ్లు పొయ్యెక్కాయి. టిపెనేను పిలిచి, ఇకమీదట కేకు చెప్పే పని మనుషులకే వదలమని నైరీ అక్కడికక్కడే ప్రమాణం చేయించింది. క్లారీ అడగకుండానే కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, తన ఇల్లు అక్కణ్నుంచి ఎలా కనిపిస్తుందో దుర్భిణితో చూసుకుని, "పొగగొట్టం వంకరగా ఉందేంట్రా?" అన్నాడు.

మర్డో గురించి రాసుకొచ్చిన మంచి మాటలు వృథా పోవడం పాస్టరు గారికి ఇష్టం లేక అవి అందరి ముందూ చదివి వినిపించారు. పోయినాయన వాటిని మూడుచోట్ల దిద్దించాడు.